ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లలకు లెక్కలూ సైన్సూ సాంఘికమూ చెప్పడం ఎలా

"మూడింట రెండు వంతులు" అని తెలుగులో చెప్పి అంకెల్లో వేయమంటే, ఏడో తరగతి పిల్లలు చాలామంది మూడును గీత కిందా రెండును గీత పైనా తడుముకోకుండా వేస్తారు. అదే పిల్లలకు "టూ థర్డ్స్" అని ఇంగ్లీషులో చెబితే, కొందరు రెండును కింద వేసి మూడును పైకి ఎక్కిస్తారు. ఆ తప్పు దిద్ది, "భిన్నాలు రావు" అని మార్కుల పుస్తకంలో రాసుకుని ముందుకు సాగిపోవడం నేను కూడా చాలా కాలం చేసిన పనే. తెలుగు ముందుగా వస్తువును ఎన్ని భాగాలు చేశామో చెప్పి, ఆ తరువాత అందులో ఎన్ని తీసుకున్నామో చెబుతుంది. ఇంగ్లీషు ముందు తీసుకున్నవి చెప్పి, భాగాల సంఖ్యను చివరికి వదులుతుంది. ముందు వినపడిన అంకెను గీత కింద వేయడం తెలుగు పిల్లవాడి చెవికి అలవాటు. అతనికి భిన్నాలు వచ్చు. ఇంగ్లీషు మాట ఏ వైపు నుంచి నడిచి వస్తుందో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

గోదావరి డెల్టా పల్లెల్లో, ఇంట్లోనూ వీధిలోనూ తెలుగు తప్ప మరొక భాష వినని పిల్లలకు ఇంగ్లీషు మాధ్యమంలో పాఠాలు చెప్పవలసి వచ్చిన తోటి ఉపాధ్యాయుల కోసం ఇది రాస్తున్నాను. మాధ్యమం ఏది ఉండాలన్న తగవు ఇక్కడ తేలేది కాదు. 2020–21 విద్యా సంవత్సరం నుంచి మన ప్రభుత్వ బడుల్లోకి ఒక పేజీ తెలుగు, దాని ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. రెండు భాషలూ పిల్లవాడి ముందు ఒకేసారి తెరుచుకుని ఉన్నప్పుడు, రెంటితోనూ పని చేయించుకోవడం ఎలాగన్నదే మన ప్రశ్న. నా అనుభవంలో ఈ పిల్లలను ఆపుతున్నవి పెద్ద పెద్ద శాస్త్ర పదాలు కావు. ఆ పదాలను ఒకదానితో ఒకటి ముడివేసే చిన్న మాటలూ, వాక్యపు నడకా వారిని ఆపుతున్నాయి. అందువల్ల పాఠానికి సిద్ధమయ్యేటప్పుడు పదాల పట్టిక రాసుకుంటే చాలదు. ఆ రోజు పిల్లల నోట పలికించవలసిన వాక్యాలను కూడా రాసుకోవాలి.

మాట్లాడే ఇంగ్లీషు వేరు, పాఠంలోని ఇంగ్లీషు వేరు

కొత్తగా చేరిన ఉపాధ్యాయులు తరచుగా ఒక పొరపాటు పడతారు. "మే ఐ కమిన్ సార్" అని చక్కగా అడిగి లోపలికి వచ్చిన పిల్లకు పుస్తకం కూడా అర్థమవుతుందని అనుకుంటారు. కెనడాలో వలస కుటుంబాల పిల్లల చదువును పరిశీలించిన జిమ్ కమిన్స్ ఈ రెంటినీ 1979లోనే విడదీసి చూపాడు: ఎదురెదురుగా మాట్లాడుకునే భాష సుమారు రెండేళ్లలో పట్టుబడుతుందనీ, పాఠ్యపుస్తకాన్ని చదివి పరీక్ష రాయగల భాషకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందనీ అతని లెక్క. ఆ పిల్లలకు వీధిలో, దుకాణంలో, ఆటస్థలంలో ఇంగ్లీషు వినపడుతూ ఉండేది. మన పిల్లలకు బడి గంట కొట్టాక ఇంగ్లీషు వినపడేది టీవీ ప్రకటనల్లోనే. కాబట్టి ఏడేళ్లకు తక్కువ పడుతుందని ఆశించడానికి కారణం లేదు, ఆ ఏడేళ్లూ లెక్కలూ సైన్సూ ఆపుకుని కూర్చోవడానికీ వీలు లేదు.

పాఠ్యపుస్తకంలోని తెలుగు కూడా పిల్లలకు సొంత భాష కాదని ఇక్కడే చెప్పాలి. బాష్పీభవనం, సాంద్రీకరణం, పౌనఃపున్యం అన్న మాటలు కోనసీమలో ఏ ఇంట్లోనూ వినపడవు. కళ్లం మీద ధాన్యం ఆరబోసి, మిల్లువాడు తేమ శాతం పదిహేడుకు దిగిందో లేదో చూసేదాకా కాచుకునే రైతు బిడ్డకు "ఆరడం" తెలుసు. "ఎవాపరేషన్" ఎంత కొత్తో "బాష్పీభవనం" కూడా అంతే కొత్త. ఇంగ్లీషు పేజీ అర్థం కాలేదని తెలుగు పేజీ చదివిస్తే పని అయిపోదు. మొదలు పెట్టవలసింది ఎడమ పేజీతోనూ కాదు, కుడి పేజీతోనూ కాదు, ఇంటి మాటతో.

పాఠానికి ముందు రోజు

పాఠాన్ని ఇంగ్లీషులో ఒకసారి పెన్సిలు పట్టుకుని చదవండి. సాంకేతిక పదాల కింద ఒక గీత గీయండి. వాటిలో ఆ రోజుకు అయిదారు మించకుండా ఉంచుకుని మిగిలినవి తరువాతి రోజులకు వదిలేయండి. ఇది అందరూ చేసేదే. రెండోసారి చదివేటప్పుడు మనకు అలవాటైపోయి కంటికి ఆనని మాటలు వెతకాలి: అన్‌లెస్, వేరాజ్, రెస్పెక్టివ్‌లీ, ఎట్ లీస్ట్, డ్యూ టు, ఈచ్ అదర్, ఓన్లీ. ఇవి ఏ పాఠం చివరి పదకోశంలోనూ ఉండవు, ఏ ఉపాధ్యాయుడూ వీటిని బోర్డు మీద రాయడు. వాక్యం అర్థం తలకిందులయ్యేది మాత్రం ఇక్కడే.

మూడో రకం మాటలు మరీ మోసగిస్తాయి, ఎందుకంటే అవి పిల్లలకు తెలిసినట్లే ఉంటాయి. "సెల్" అంటే మన పిల్లలకు ఫోను, లేదా టార్చిలైటులో వేసే బ్యాటరీ, జీవశాస్త్రంలో కణం. "పవర్" అంటే కరెంటు. లెక్కల్లో ఘాతం, భౌతికశాస్త్రంలో సామర్థ్యం. "సొల్యూషన్" ఒక పీరియడ్‌లో లెక్కకు జవాబు, తరువాతి పీరియడ్‌లో ద్రావణం. "బేస్" త్రిభుజానికి భూమి, రసాయనశాస్త్రంలో క్షారం. "మాస్" సంగతి ఇక చెప్పనక్కరలేదు; ద్రవ్యరాశి పాఠం మొదలుపెట్టి "వాట్ ఈజ్ మాస్?" అని అడిగిన రోజున వెనక బల్ల నుంచి ఈల వినపడితే ఆ పిల్లవాణ్ణి నిలబెట్టకండి, అతను తనకు తెలిసిన అర్థమే చెప్పాడు. ఇలాంటి మాట వచ్చినప్పుడు ముందు వారికి తెలిసిన అర్థాన్ని వారి చేతనే చెప్పించి, బోర్డు మీద ఒక పక్కన రాసి, "మన పాఠంలో దీని పని వేరు" అని రెండో అర్థాన్ని దాని పక్కన రాయాలి. పాత అర్థాన్ని పలకరించకుండా వదిలేస్తే అది లోపలే ఉండి కొత్త అర్థానికి అడ్డుపడుతుంది.

నాలుగో రకం మాటలు మన ప్రాంతానికి ఒక వరం. డెల్టా పల్లెల నోట ఇంగ్లీషు నూట యాభై ఏళ్లుగా నానుతోంది. కాలువ మీద లాకులు, ఇళ్ల స్థలాలు కొలిచే సెంట్లు, రొయ్యల చెరువు మీద పీహెచ్, సాలినిటీ (నీటి ఉప్పదనం), డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) – ఇవన్నీ బడికి రాకముందే పిల్లలకు తెలిసిన ఇంగ్లీషు మాటలు. "సెంటు" అన్న మాటనే తీసుకోండి. ఎకరంలో నూరో వంతు కాబట్టి అది సెంటు. ఆ ఒక్క సంగతి చెబితే పర్‌సెంట్ అంటే నూటికి అనీ, సెంటీమీటరు మీటరులో నూరో వంతు అనీ, సెంచరీ నూరు పరుగులనీ పిల్లలే లాగుతారు. నాన్న మూడు సెంట్ల స్థలం కోసం ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడో చూసిన పిల్లకు శాతాల పాఠం పరాయిది కాదు.

చెరువు గట్టు మీది పాఠం

ఒక పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపవచ్చో చూపిస్తాను. ఏడో తరగతి, మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ. పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. ఊళ్లో సగం చేలు రొయ్యల చెరువులయ్యాయి.

ముందు రోజు ఇంటి పని ఒకే ఒక ప్రశ్న, అదీ తెలుగులో: "చెరువు మీద ఏరియేటర్లు ఏ వేళ ఎక్కువ తిప్పుతారు? ఎందుకు? ఇంట్లోనో పక్కింట్లోనో అడిగి రండి." ఏరియేటర్ అంటే చెరువు నీటిని చిలికి గాలి కలిపే యంత్రం. మర్నాడు మొదటి పది నిమిషాలు నేను ఇంగ్లీషు మాట ఎత్తను. "తెల్లవారగట్ల తిప్పుతారండి, అప్పుడు డీవో పడిపోద్దండి, రొయ్య పైకి తేలిపోద్దండి" అని ఒకడు అంటాడు. "మబ్బేస్తే పగలు కూడా తిప్పాలండి, మా మావయ్య చెప్పాడండి" అని ఇంకొకతె అంటుంది. నిజానికి ఈ రెండు వాక్యాల్లోనే పాఠమంతా ఉంది. బోర్డు మీద ఒక అడ్డగీత గీసి, ఒక కొసన సూర్యుణ్ణి, మరొక కొసన చంద్రుణ్ణి వేసి, నీటిలోని ఆక్సిజన్ ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతుందో పిల్లల చేతనే గీయిస్తాను: మధ్యాహ్నం దాటాక బాగా పైన, తెల్లవారుజామున బాగా కింద. "రాత్రి ఎవరు తినేశారు ఆక్సిజన్ని?" అంటే రొయ్యలు అంటారు. "పగలు మాత్రం రొయ్యలు ఊపిరి పీల్చవా?" అని అడగాలి. అక్కడ తరగతి ఒక్క క్షణం ఆగుతుంది. పగలు ఎవరో ఆక్సిజన్ చేసి నీటిలోకి వదులుతున్నారు, రాత్రి వారు ఆ పని మానేస్తున్నారు, పీల్చడం మాత్రం అందరూ రాత్రీ పగలూ సాగిస్తున్నారు అన్న మాటకు వారే వస్తారు. నీటికి ఆ పచ్చదనం ఎక్కడిదో గుర్తు చేస్తే చాలు, నాచు సంగతి, కంటికి కనపడని పచ్చటి ప్లాంక్టన్ సంగతి బయటికి వస్తాయి.

తరువాతి పాతిక నిమిషాలు ఇంగ్లీషు. అదే బొమ్మ చూపిస్తూ, చిన్న చిన్న వాక్యాల్లో, ఒక్కొక్క మాట చెప్పినప్పుడు బొమ్మ మీద వేలు పెట్టి చెప్పాలి. చివరికి బోర్డు మీద మూడు వాక్యాలు నిలుస్తాయి: "గ్రీన్ ప్లాంట్స్ మేక్ ఫుడ్ ఓన్లీ ఇన్ సన్‌లైట్." "దే రెస్పైర్ డే అండ్ నైట్." "సో ది ఆక్సిజన్ ఇన్ ది పాండ్ ఈజ్ లోయెస్ట్ బిఫోర్ సన్‌రైజ్." ఈ పాఠంలో నేను ఎక్కువసేపు ఆగేది ఫొటోసింథసిస్ అన్న పదం దగ్గర కాదు, "ఓన్లీ" దగ్గర. తెలుగులో "మాత్రమే" తన మాటకు వెనక వస్తుంది: ఎండలో మాత్రమే. ఇంగ్లీషులో అది ముందే వచ్చి నిలబడుతుంది. తెలుగు అలవాటుతో చదివే పిల్ల దాన్ని అంతకు ముందున్న "ఫుడ్"కు అంటించి, మొక్కలు ఆహారం మాత్రమే చేస్తాయని అర్థం చేసుకుంటుంది. "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి, రాత్రి మాత్రమే శ్వాసిస్తాయి" అని పిల్లలు రాసే ప్రసిద్ధమైన తప్పులో సగం పాలు ఈ మాట సరిగా పట్టకపోవడానిదేనని నా అనుమానం. "ఓన్లీ"ని రంగు సుద్దతో రాసి, దాని నుంచి "ఇన్ సన్‌లైట్" మీదికి ఒక బాణం గీయండి. "బిఫోర్ సన్‌రైజ్" కూడా అలాంటిదే. మన "ముందు", "లోపల", "మీద", "వల్ల" అన్నీ పేరు వెనక నడుస్తాయి, ఇంగ్లీషు వాటిని పేరు ముందు నడిపిస్తుంది.

ఇక్కడే కార్యకారణాల సంగతి చెప్పాలి, ఎందుకంటే సైన్సు అంతా దాని మీదే నిలబడి ఉంది. తెలుగులో కారణం ముందు, ఫలితం తరువాత: మబ్బు పట్టడం వల్ల డీవో తగ్గింది. ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కువగా ఫలితం ముందు వచ్చి, "బికాజ్" తరువాత కారణం వస్తుంది. మొదటి నెలల్లో పిల్లలు ముందు చదివినదాన్నే కారణమనుకుంటారు. కాబట్టి "సో"తో మొదలుపెట్టండి: "ఇట్ వాజ్ క్లౌడీ, సో ది ఆక్సిజన్ ఫెల్." ఇది తెలుగు వరసలోనే నడుస్తుంది, భయం లేదు. రెండు మూడు వారాల తరువాత అదే వాక్యాన్ని తిప్పి "బికాజ్"తో రాసి, రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఏది ముందు జరిగిందో పిల్లల చేత అంకెలు వేయించండి. "డ్యూ టు", "యాజ్ ఎ రిజల్ట్ ఆఫ్" లాంటివి ఆ పై ఏడాదికి.

ఈ పాఠంలో ఒకచోట ఇంగ్లీషే మనకు సాయపడుతుందని గమనించాను. తెలుగులో శ్వాసించడం, శ్వాసక్రియ ఒకే మాట నుంచి పుట్టినవి కావడంతో, ఊపిరితిత్తుల్లోకి గాలి పోయి రావడానికీ కణాల్లో ఆహారం నుంచి శక్తి వెలువడడానికీ తేడా పిల్లలకు తెలియదు. బ్రీతింగ్, రెస్పిరేషన్ అన్న రెండు వేరు వేరు మాటలు దొరికితే ఆ తేడా సులువుగా నిలుస్తుంది. ఏ భాష ఎక్కడ పనికివస్తే అక్కడ వాడుకోవడమే కాని, ఒక గంటకు ఒక భాష అని ప్రమాణం చేయనక్కరలేదు.

చివరి పది నిమిషాలు నేను మాట్లాడను. పక్క పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు బోర్డు మీది మూడు వాక్యాలు చదవాలి, రెండోవారు చెరువు లేని ఊరి చుట్టానికి చెబుతున్నట్లు తెలుగులో విప్పి చెప్పాలి. ఆ తరువాత ఖాళీలున్న అవే వాక్యాలు నోటుపుస్తకంలో పూరించాలి. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు బడుల్లో వెల్ష్, ఇంగ్లీషు భాషల మధ్య ఇలాంటి పద్ధతినే సెన్ విలియమ్స్ 1994లో వివరించాడు: ఒక భాషలో చదివి, దాన్ని గురించి మరొక భాషలో మాట్లాడడమో రాయడమో చేస్తే, విషయాన్ని మింగి వదిలేయడం కుదరదు, నమిలి తీరాలి.

దీనికీ మనలో చాలామంది చేసే పనికీ తేడా ఉంది. ఒక వరస ఇంగ్లీషు చదవడం, వెంటనే దానికి తెలుగు చెప్పడం, మళ్లీ ఒక వరస ఇంగ్లీషు – ఇలా నడిచే తరగతిలో పిల్లలు వారం తిరగకుండానే ఒక ఉపాయం కనిపెడతారు: ఇంగ్లీషు వచ్చినప్పుడు చెవులు మూసుకుని, తెలుగు వచ్చినప్పుడు తెరుస్తారు. తెలుగు ముందూ వెనకా గట్లలా ఉండాలి, మధ్యలో ఇంగ్లీషు ఆగకుండా పారాలి.

లెక్కల్లో మెలికలు

భిన్నాల గురించి మొదటే చెప్పాను. తీసివేతలోనూ అదే మెలిక. "పన్నెండులోంచి అయిదు తీసెయ్" అంటే పిల్లవాడు వినపడిన వరసలోనే రాసుకుంటూ పోవచ్చు. "సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రమ్ ట్వెల్వ్" అంటే అయిదు ముందు వినపడి, అయిదు మైనస్ పన్నెండు అవుతుంది. అయిదో తరగతిలో పెద్ద అంకె పైన వేయాలన్న అలవాటు అతన్ని కాపాడుతుంది. ఎనిమిదో తరగతిలో "సబ్‌ట్రాక్ట్ త్రీ ఎక్స్ ఫ్రమ్ వై" వచ్చేసరికి కాపాడేది ఏదీ ఉండదు. "ఫ్రమ్" కనపడగానే దాని వెనక ఉన్నదాని చుట్టూ సున్నా చుట్టి, దాన్ని ముందు రాయడం అనే చేతి అలవాటు ఆరో తరగతి నుంచే చేయించండి. "ఫైవ్ లెస్ దాన్ ఎ నంబర్" అన్నదానికి కూడా ఇదే మందు.

"ఎట్ లీస్ట్" ఇంకొకటి. అందులో "లీస్ట్" అనగానే పిల్లలు తక్కువ గుర్తు పెట్టేస్తారు. "పదికి తగ్గకుండా" అని తెలుగులో చెప్పి, పదికి తగ్గకుండా ఉండే అంకెలు అయిదు రాయమనండి, తొమ్మిది రాసినవాడి చేత తొమ్మిది పదికి తగ్గిందో లేదో చెప్పించండి, ఆ తరువాత గుర్తు దగ్గరికి రండి.

వడ్డీ లెక్కల్లో చిక్కు భాషది కొంత, లోకరీతిది కొంత. మన ఊళ్లలో "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. పుస్తకంలో "ట్వెల్వ్ పర్‌సెంట్ పర్ యానమ్" అని ఉంటుంది. "పర్ యానమ్" అంటే సంవత్సరానికి అని చెప్పి ఊరుకుంటే, ఆ పన్నెండు శాతం ఇంట్లో విన్న రెండు రూపాయల కన్నా ఎంతో పెద్దదని పిల్లలు అనుకుంటారు. రెండు రూపాయల వడ్డీని ఏడాదికి లెక్క కట్టించండి. ఇరవై నాలుగు శాతం అని తేలినప్పుడు తరగతిలో వచ్చే నిశ్శబ్దం తరువాత "పర్ యానమ్" అన్న మాటను ఎవరూ మరిచిపోరు.

విలోమానుపాతానికి మాకు రొయ్యల కౌంట్‌ను మించిన ఉదాహరణ లేదు. నూరు కౌంట్ అంటే కిలోకు నూరు రొయ్యలు, ఒక్కొక్కటి పది గ్రాములు. యాభై కౌంట్ అయితే ఇరవై గ్రాములు. నలభై అయితే పాతిక. కౌంట్ తగ్గిన కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. రొయ్యల ఫ్యాక్టరీకి పనికి వెళ్లే తల్లుల పిల్లలకు ఇది నోటి లెక్క. వారి చేత ముందు పట్టిక వేయించి, ఆ తరువాత "యాజ్ ది కౌంట్ డిక్రీజెస్, ది వెయిట్ ఇంక్రీజెస్" అన్న వాక్యం ఇవ్వండి. మామూలుగా నోరు విప్పని పిల్లలు ఆ రోజు తరగతికి పెద్దలవుతారు.

సాంఘికంలో

సాంఘికశాస్త్రంలో బాధ మరొక రకం. వాక్యాలు పొడుగు, కర్త కనపడడు. "ది ఆనికట్ వాజ్ కన్‌స్ట్రక్టెడ్ ఎట్ ధవళేశ్వరం అండర్ ది సూపర్‌విజన్ ఆఫ్ ఆర్థర్ కాటన్" అన్నది చదివి పిల్లలు ఆనకట్టే ఏదో కట్టిందనుకుంటారు, ఎందుకంటే మన మాటల్లో "కట్టబడింది" అని ఎవరూ అనరు, "కట్టారు" అంటారు. ఇలాంటి పేరాను చదివించే ముందు ఎవరు, ఏమి చేశారు, ఎక్కడ, ఎప్పుడు అని నాలుగు గడులు గీసి, పేరాలోంచి ఏరి గడుల్లో వేయమనండి: కాటన్, ఆనకట్ట, ధవళేశ్వరం, 1852లో పూర్తి. గడులు నిండాక పేరా మళ్లీ చదివితే అదే పేరా తేలికవుతుంది. ట్రిబ్యుటరీ, డిస్ట్రిబ్యుటరీ జంటను పటం ముందు నిలబడి చెప్పాలి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి గోదావరికి నీళ్లు తెచ్చి ఇస్తాయి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ గోదావరి నీళ్లను పంచుకుపోతాయి. సినిమా డిస్ట్రిబ్యూటర్ ఏమి చేస్తాడో తెలిసిన పిల్లలకు పాయ అన్న అర్థం వెంటనే అందుతుంది.

ప్రశ్న వేశాక ఆగడం

"అర్థమైందా?" అన్న ప్రశ్న మానేయాలి. దానికి "అయిందండీ" అన్న జవాబు ముందే తయారుగా ఉంటుంది, అందులో అర్థం అయినవారూ కానివారూ ఒకే గొంతుతో పాడతారు. దాని బదులు పలకలు ఎత్తించండి, బొమ్మలో వేలు పెట్టించండి, రెండు వాక్యాలిచ్చి ఏది తప్పో అడగండి. ఇవన్నీ ఇంగ్లీషులో మాట్లాడలేని పిల్ల కూడా తనకు తెలిసింది చూపించగల దారులు.

అడిగిన తరువాత ఆగాలి. అమెరికాలో మేరీ బడ్ రో 1970ల్లో సైన్సు తరగతులను టేపు మీద రికార్డు చేసి విన్నప్పుడు, ప్రశ్న వేసిన ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లకు మించి ఆగిన చోట జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. ఆ పిల్లలు సొంత భాషలో చదువుతున్నారు. మన పిల్లలు ప్రశ్నను ఇంగ్లీషులో విని, తెలుగులో ఆలోచించి, జవాబును మళ్లీ ఇంగ్లీషులోకి దించాలి. వారికి మూడు సెకన్లు ఏ మూలకు? మనసులో పది దాకా లెక్కపెట్టండి. మొదట్లో ఆ మౌనం ఇబ్బందిగానే ఉంటుంది, ముఖ్యంగా తనిఖీకి వచ్చినవారు వెనక కుర్చీలో కూర్చున్నప్పుడు.

జవాబు తెలుగులో వస్తే దాన్ని కాదనకండి. "సరిగ్గా చెప్పావమ్మా, దాన్నే ఇంగ్లీషులో ఇలా అంటాం" అని ఆ పిల్ల భావాన్నే ఇంగ్లీషు వాక్యంగా చెప్పి, ఆమె చేత ఒకసారి అనిపించండి. "గాడిద, ఇంగ్లీషులో చెప్పు" అన్న మాట విన్న పిల్ల ఇంగ్లీషూ చెప్పదు, ఇక మీదట తెలుగూ చెప్పదు. నేను కొత్తలో పనిచేసిన ఒక బడిలో తెలుగు మాట్లాడితే జరిమానా ఉండేది. ఆ ఏడాది నా తరగతిలో ఎవరికి ఏమి రాదో నాకు పరీక్షల దాకా తెలియలేదు.

రాయించడం, దిద్దడం

నోటి మాట తరువాతే రాత. పాఠమయ్యాక మొదటి రోజు ఖాళీలు, మూడో రోజు మొదలు మాత్రం ఇచ్చిన వాక్యాలు, వారం తరువాత బొమ్మ మాత్రమే ఇచ్చి రెండు సొంత వాక్యాలు. గైడులోని జవాబు కాపీ చేసి బట్టీపట్టిన పిల్ల అక్షరం పొల్లుపోకుండా అప్పగిస్తుంది. ప్రశ్నలో ఒక్క మాట మార్చి అడిగితే కాలువలో పడవ లంగరు తెగినట్లే. అందుకే ఒకే ప్రశ్నను రెండు మూడు రకాలుగా అడగడం అలవాటు చేయాలి. డిఫైన్ అంటే ఒక్క వాక్యం, ఎక్స్‌ప్లెయిన్ అంటే ఎందుకో చెప్పాలి, డిఫరెన్షియేట్ అంటే రెండు గడుల పట్టిక, జస్టిఫై అంటే నీ జవాబుకు కారణం చూపాలి – ఈ నాలుగు మాటలూ గోడకు అంటించి, ప్రతి పరీక్షకు ముందూ ఒకసారి చదివించండి. విషయం తెలిసి కూడా ఎక్స్‌ప్లెయిన్‌కు ఒక్క వాక్యం రాసి మార్కులు పోగొట్టుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

మనం పెట్టుకునే చిన్న పరీక్షల్లో విషయానికీ భాషకూ మార్కులు విడివిడిగా వేయడం మంచిది. "ఆక్సిజన్ లో మార్నింగ్, ప్లాంట్ నో సన్" అని రాసిన పిల్లకు సైన్సు వచ్చు. ఆ మార్కు ఆమెకు ఇచ్చి, వాక్యాన్ని కింద సరిగా రాసి ఇవ్వాలి. పేజీ అంతా ఎర్రసిరాతో నింపే బదులు ఆ వారం నేర్పిన వాక్యరూపంలోని తప్పు ఒక్కటే దిద్దండి. పటాలూ, బొమ్మలకు పేర్లూ, పట్టికలూ ఇచ్చే ప్రశ్నలు కొన్ని తప్పనిసరిగా ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక సందేహం వస్తుంది: ఇంగ్లీషు మీడియం అని చేర్పిస్తే ఈ మాస్టారు తెలుగులో మాట్లాడుతున్నాడేమిటి అని. వాదించి లాభం లేదు. సమావేశం రోజున వారి పిల్లనే బోర్డు దగ్గరకు పిలిచి, చెరువు బొమ్మ గీయించి, ముందు వారికి తెలుగులోనూ తరువాత ఇంగ్లీషులోనూ చెప్పించండి. చెరువు మీద రాత్రంతా కాపలా ఉన్న తండ్రికి ఆ బొమ్మ వెంటనే అర్థమవుతుంది, ఆపైన ఇంగ్లీషులో ఆమె ఏమి చెబుతున్నదో కూడా.

ఈ ఊతాలు ఎప్పుడు తీసేయాలన్నది పిల్లలే చెబుతారు, కాని అందరూ ఒకే రోజున చెప్పరు. ఖాళీలు ఇవ్వకముందే వాక్యం చెప్పేస్తున్న పిల్లకు ఖాళీలు అనవసరం. ఆమెకు బొమ్మ మాత్రమే ఇచ్చి, పక్కనున్న పిల్లకు ఖాళీల కాగితం ఇవ్వడంలో తప్పు లేదు. ఎవరైనా నేను నేర్పని ప్రశ్నను నేను ఇవ్వని వాక్యంలో, తప్పులతోనైనా సరే, ఇంగ్లీషులో అడిగారంటే వారికి మొదటి పది నిమిషాల తెలుగును అయిదుకు తగ్గిస్తాను. కిందటి ఏడాది డిసెంబరులో ఒక పిల్లవాడు "సార్, ఇఫ్ నో ప్లాంట్స్ ఇన్ పాండ్, ఏరియేటర్ ఆల్ డే ఆన్?" అని అడిగాడు. ఆ రోజు మిగిలిన పీరియడ్ దాని మీదే గడిచింది.